తొంభై సీసాల నీళ్ళు

మా బావని పాము కరిచిన రోజు పొద్దున కూడా నేనాయన్ని ఎగతాళి చేశాను. అందులో విశేషం లేదు, రోజూ చేసేవాణ్ణే. బీయస్సీ అయిపోయి, ఉద్యోగం రాక, అక్కగారింట్లో తిని కూర్చునేవాడికి చేతనైన పని అదొక్కటే. బావ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆరడుగుల మనిషి. వరదొచ్చి ఊరు ఊరంతా ఏటిగట్టు మీదికి చేరాక కూడా మెడలో ఈల తియ్యలేదు. పులిహోర పొట్లాలకి ఒక వరస, కిరసనాయిలుకి ఒక వరస, ఈల ఊది మరీ నిలబెట్టేవాడు. గోదారిని కూడా వరసలో రమ్మనవలసిందండి బావగారూ, అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే, గట్టు వార ఎవరో కుప్పేసిన కొబ్బరి మట్టలు పక్కకి లాగుతుంటే ముంజేతి మీద కాటు పడింది.

పామునని లాభం లేదు. దానికి మాత్రం వేరే చోటేదీ. లంకలు మునిగాయి, చేలు మునిగాయి, ఇళ్ళు కిటికీల దాకా మునిగాయి. మిగిలిన పొడి నేల ఆ గట్టు ఒక్కటే. మనుషులూ, గేదెలూ, కోళ్ళూ, పాములూ ఒక బండి పట్టేంత వెడల్పులో సర్దుకుంటున్నాం. రాత్రుళ్ళు కాళ్ళు ముడుచుకుని పడుకునేవాళ్ళం. పగలు నది మీద ఏవేవో కొట్టుకుపోతుండేవి. మొదట్లో అవేమిటో అని చూసేవాళ్ళం. తరవాత తరవాత చూడటం మానేశాం.

కరిచింది రక్తపింజరి. దాన్ని చంపి, కర్రకి వేలాడదీసి, బావతోపాటు అదే పడవలో తెచ్చారు, డాక్టరమ్మగారికి చూపించడానికి. రాజోలు దాటాక గట్టుని ఆనుకుని ఓ చిన్న మిషను ఆసుపత్రి ఉండేది. ఎత్తు మీద కట్టారు, తొమ్మిది మెట్లు. మేం వెళ్ళేసరికి మూడు మెట్లు నీళ్ళలో ఉన్నాయి. డాక్టరమ్మగారు పాముని చూశారు, బావ చేతిని చూశారు, ఏమీ అనలేదు. నాకు మాట్లాడే డాక్టర్లంటే భయం లేదు.

పాము ఇంజెక్షన్లు ఆసుపత్రిలో ఉన్నవన్నీ పొడిచారు. చిగుళ్ళ నుంచి కారే రక్తం మర్నాటికి ఆగింది. చేతి వాపు మోచేతి దగ్గర ఆగింది. ప్రార్థన చెయ్యడానికి వచ్చిన పాస్టరుగారు గండం గడిచిందని కాఫీ తాగి వెళ్ళిపోయారు. డాక్టరమ్మగారు ఒక్కరే గడిచిందని అనలేదు. ఆవిడ వచ్చినప్పుడల్లా బావ మొహం కాదు, మంచం కింద పెట్టిన గాజు సీసా చూసేవారు. అది ఖాళీగా ఉండేది. మళ్ళీ వచ్చి చూసేవారు. మళ్ళీ ఖాళీయే.

మా వైపు ఒంటేలుని మర్యాదగా పాసు అంటాం. మాస్టారి శిష్యులూ, శిష్యుల తల్లిదండ్రులూ గట్టు మీద నుంచి నడిచొచ్చి, వరండాలో నిలబడి, చేతులు కట్టుకుని నన్నడిగేవారు.

"మాస్టారు పాసయ్యేరాండీ?"

"ఇంకా లేదండి. మళ్ళీ సెప్టెంబర్లో కడతారు" అనేవాణ్ణి.

అందరూ నవ్వేవారు. మొదటి రోజు బావ కూడా నవ్వాడు. రెండో రోజు మొహం ఉబ్బింది. మూడో రోజుకి కళ్ళు ఆ ఉబ్బులోకి పోయాయి. నాలుగో రోజు ఎక్కిళ్ళు మొదలయ్యాయి. ఆగకుండా, గడియారం కొట్టుకున్నట్టు. ఎవరో గట్టిగా తలుచుకుంటున్నట్టున్నారు అన్నాను. డాక్టరమ్మగారు బావ నాడి పట్టుకునే నా వైపు తిరిగారు.

"తలచుకొనువారు మంచివారు కారు, బాబూ."

ఆవిడది అరవదేశం. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నారు. ఏ మాటైనా శాసనం చదివినట్టు పూర్తిగా పలికేవారు. అప్పటిదాకా నాకది నవ్వులాటగా ఉండేది. ఆ రోజు మా అక్కనీ, బావ తల్లి అయిన అత్తయ్యగారినీ, నన్నూ తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టి చెప్పారు. పాము విషానికి మూత్రపిండాలు రెండూ ఆగిపోయాయి. చచ్చిపోలేదు, ఆగాయి. మళ్ళీ పనిలోకి దిగొచ్చు, అది వారమో, రెండు వారాలో, తెలీదు. ఈలోగా ఒంట్లో మురికి ఒంట్లోనే ఉండిపోతుంది. ఆ మురికికి మనిషి ఆగడు. కాకినాడ పెద్దాసుపత్రికి పంపుదామంటే రోడ్డు ఎక్కడెక్కడ తెగిందో లెక్క లేదు. సఖినేటిపల్లి రేవులో జనాన్ని దాటించే పంటు కట్టేశారు. ఆ ఉరవడిలో నరసాపురం దాటించడానికి ఏ పడవవాడూ ఒప్పుకోవడం లేదు. కాబట్టి ఇక్కడే చెయ్యాలి. తను చాలా ఏళ్ళ కిందట తమ ఊరి వైపు ఈ పని చేసేవారట. ఇక్కడ ఎప్పుడూ చెయ్యలేదు.

చేసే పని వింటే చిత్రంగా ఉంది. పేగుల మీద పల్చటి పొర ఒకటి ఉంటుందిట. బొడ్డు కింద చిన్న గాటు పెట్టి, రబ్బరు గొట్టంలాంటిదొకటి దించి, రెండు సీసాల నీళ్ళు కడుపులోకి వదులుతారు. అరగంట ఉంచుతారు. రక్తంలో ఉన్న మురికి ఆ పొరలోంచి నీళ్ళలోకి ఊరుతుంది. ఆ నీళ్ళు కిందికి దించేసి, మళ్ళీ రెండు సీసాలు పోస్తారు.

"అంటే బావగారి పొట్ట కడుగుతారాండీ?" అన్నాను.

"పొట్టను కాదు. రక్తమును."

దానికి కావలసిన సీసాలు ఆసుపత్రిలో లేవు. వరద సాయం లాంచీవాళ్ళు వాంతులూ విరేచనాల కోసం దింపి వెళ్ళిన సెలైను సీసాలు ఉన్నాయి. అందులో కొలత ప్రకారం చక్కెర మందు కలిపితే పనికొస్తాయట. ఆవిడ తొంభై సీసాలు విడిగా తీయించారు. పక్క వార్డులో విరేచనాల పిల్లలు పద్ధెనిమిది మంది ఉన్నారు, తొంభైకి మించి ఒక్కటి కూడా ఇవ్వలేనని ముందే చెప్పారు. రోజుకి పద్ధెనిమిది చొప్పున ఐదు రోజులు. ఆలోగా వరద నీరు తీస్తుంది, లేకపోతే పాసు వస్తుంది.

రెండూ జరక్కపోతే ఏమిటండీ, అని మా అక్క అడిగింది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

కిటికీ తెరిస్తే గోదావరి. తలుపు తెరిస్తే గోదావరి. మెట్ల మీద గోదావరి. మా బావ కడుపులోకి పొయ్యడానికి మాత్రం తొంభై సీసాలు.

లేవబోతుండగా ఆవిడ ఇంకో మాట చెప్పారు. రోగికి రోజు మొత్తానికి ఒక గ్లాసు నీళ్ళు. కొబ్బరినీళ్ళు మాత్రం ఒక్క గుక్క కూడా ఇవ్వకూడదు. అందులో ఒక ఉప్పు ఉంటుంది. మామూలు మనిషికి అది పాసులో పోతుంది. ఈయనకి పోయే దారి లేదు, రక్తంలో పేరుకుంటుంది, పేరుకుని గుండెని ఆపుతుంది.

"కొబ్బరినీరు ఆయనకు విషము. అర్థమయినదా?"

"ఆయ్" అంది అక్క.

"ఆయ్" అన్నారు అత్తయ్యగారు.

"ఆయ్" అన్నాను నేను.

ఆవిడ తృప్తిగా తల ఊపారు. అక్కడే వచ్చింది చిక్కు. పన్నెండేళ్ళుగా మా దేశంలో ఉన్నా, ఆయ్ అంటే అవునని అర్థమనే ఆవిడ అనుకుంటున్నారు. ఆయ్ అంటే తమరు పెద్దవారు, తమరి మాట నా చెవిన పడింది, అంతవరకే. ఆ మాట ఒప్పుకున్నామో లేదో, చేస్తామో మానేస్తామో అందులో ఉండదు. అది ఇంటికెళ్ళాక తేలుతుంది. మా ఊళ్ళో పెళ్ళిసంబంధం వద్దనుకున్నవాళ్ళు కూడా చివరిదాకా ఆయ్ అనే అంటారు.

గొట్టం దించేటప్పుడు బావ నా చెయ్యి పట్టుకున్నాడు. నొప్పెడుతుందేంట్రా అని అడిగాడు, ఎక్కిళ్ళ మధ్య. మీ డ్రిల్లు పీరియడు కంటే తక్కువేనండి అన్నాను. నొప్పి పెట్టింది. ఆయన అరవలేదు, నా వేళ్ళు మాత్రం రెండు రోజులు వాచాయి.

ఆ సీసాల పని నాకప్పగించారు. నర్సమ్మలు ఇద్దరే ఉన్నారు, వాళ్ళిద్దరూ పిల్లల వార్డులో నిలువుకాళ్ళ మీద ఉన్నారు. నేను సీసాల్ని వేడినీళ్ళ తొట్టిలో ఉంచి, బుగ్గకి ఆనించి చూసి, ఒంటి వేడికి వచ్చాక అందించాలి. డాక్టరమ్మగారు మందు కలిపి, చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కుని, గొట్టానికి తగిలించేవారు. కడుపు మెల్లగా పొంగేది. అరగంట. తరవాత కింద బకెట్లోకి దిగేది, మొదట్లో ఎర్రగా, పోనుపోను పల్చటి గంజిలాగా. ఎంత పోశామో అంతకన్నా నాలుగు చుక్కలు ఎక్కువ దిగితే మంచిది, తక్కువ దిగితే భయం. మొదటి రోజు సాయంత్రానికి ఎక్కిళ్ళు ఆగాయి. రెండో రోజు బావ కళ్ళు తెరిచి, నేను చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నానని తిట్టాడు. అక్క పక్క గదిలోకి వెళ్ళి ఏడ్చి వచ్చింది. బకెట్లో నీళ్ళు పారబొయ్యడానికి నేను మెట్ల మీదికి వెళ్ళాను. నాలుగు మెట్లు మునిగి ఉండేవి, ఐదోది కూడా తడిసింది.

ఆయనకి దాహం. కళ్ళు తెరిచింది మొదలు నీళ్ళు, నీళ్ళు అనేవాడు. ఇంత మనిషికి రోజుకో గ్లాసు. అక్క దూదితో పెదాలు తడిపేది. అత్తయ్యగారు చూడలేక వరండాలోకి వచ్చేసేవారు. వరండా నిండా జనం, జనం చేతుల్లో బొండాలు. ఊళ్ళో బావులన్నీ మునిగిపోయాయి. బురదనీళ్ళు తాగినవాళ్ళు పక్క వార్డులో ఉన్నారు. తాగదగ్గ నీళ్ళు ఆ వారం కోనసీమలో చెట్ల మీదే మిగిలాయి. చిన్నపిల్లల దగ్గర నుంచి ముసలాళ్ళ దాకా అందరం బొండాల మీదే బతికాం. పైగా మా వైపు పాసు సాఫీగా అవకపోతే పుట్టిన బిడ్డకైనా పట్టేది కొబ్బరినీళ్ళే. ఇంక పాసు రాని మనిషిని చూడ్డానికి ఒట్టి చేతులతో ఎవరొస్తారు.

వచ్చినవాళ్ళు ఇవి మాస్టారికి అనేవారు. డాక్టరమ్మగారు వద్దన్నారంటే నమ్మేవారు కారు. ఎందుకన్నారండీ అని నన్ను అడిగేవారు. అత్తయ్యగారు అరుగు మీద తల గోడకి ఆన్చుకుని కూర్చుని ఉన్నారు. నాలుగు రోజులుగా ఆవిడ మొహంలో కదలిక లేదు. నాకు అలాంటి మొహాలు చూస్తే ఒళ్ళు ఊరుకోదు. కళ్ళజోడు లేకపోయినా తీసి తుడుచుకున్నట్టు నటించి, గొంతు సన్నం చేసి, "కొబ్బరినీరు విషము. మా దేశమున కొబ్బరిచెట్లు ఎక్కువ కాచినవి. కావున కోనసీమ బొండము తాగినవాడు చచ్చును, మా దేశపు బొండము తాగినవాడు బతుకును" అన్నాను.

వరండా అంతా పగలబడి నవ్వింది. అత్తయ్యగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. నాకు చాలా గొప్పగా అనిపించింది. అడిగినవాళ్ళ కోసం మళ్ళీ ఒకసారి చేసి చూపించాను.

సీసాలు మొదలెట్టిన మూడో రోజు పొద్దున, మొదటి విడత నీళ్ళు దించాక, అత్తయ్యగారు మూడు బొండాలు తెచ్చి నా ముందు పెట్టారు. నాకు గొంతు ఎండుకుపోతోంది, చెక్కి పెట్టు అబ్బాయ్ అన్నారు. మూడూనా అండీ అన్నాను. మూడూ అన్నారు. కత్తితో చెక్కి, నీళ్ళు మరచెంబులోకి వంచి, మూత బిగించి ఇచ్చాను. ఒక ముసలావిడ పొద్దున్నే మూడు బొండాలు తాగదు. చెంబుకి మూత ఎందుకో తెలియనంత చిన్నవాణ్ణీ కాను. ఆవిడ వార్డు వైపు వెళుతుంటే నేను ఖాళీ బొండాల డొక్కలు ఏరి పారేశాను.

మధ్యాహ్నం డాక్టరమ్మగారు బావ నాడి పట్టుకున్నారు. చేతి గడియారం చూస్తూ నిలబడ్డారు. లెక్క అయిపోయిందనుకున్నాక కూడా వదల్లేదు. రెండో చేతి నాడి పట్టుకున్నారు. బావ కాళ్ళు బరువుగా ఉన్నాయిరా, లేవట్లేదు అన్నాడు. చెప్పేటప్పుడు ఒక్కో మాటకీ మధ్య ఖాళీ ఎక్కువగా ఉంది.

"నలుబది" అన్నారావిడ. "ఇప్పుడు ముప్పది ఆరు. ఏమి త్రాగినారు?"

ఏమీ లేదండి అంది అక్క. దానికి నిజంగానే తెలియదు. గ్లాసుడు నీళ్ళేనండి అంది.

ఆవిడ అత్తయ్యగారి వైపు తిరిగి అదే మాట అడిగారు. అత్తయ్యగారు కొంగు నిండా కప్పుకుని, చేతులు దగ్గరపెట్టుకుని, "ఆయ్" అన్నారు.

ఆ ఆయ్‌కి అర్థం ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"మూడు బొండాలండి" అన్నాను. "నేనే చెక్కేను."

ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టడానికి టైము లేదు. ఒక పెద్ద సిరంజిలోకి మందెక్కించి, నరంలోకి, గడియారం చూసుకుంటూ, చుక్క చుక్కగా పొడిచారు. రెండో చేతి వేళ్ళు మాత్రం బావ మణికట్టు మీదే ఉన్నాయి. తరవాత నాతో అన్నారు, ఇక అరగంట ఆగేది లేదు, పొయ్యడం, తియ్యడం, పొయ్యడం, తియ్యడం, సీసాలన్నీ వేడి చెయ్యమని. ఎన్నండీ అన్నాను. లెక్క పెట్టకు, తీసుకురా అన్నారు.

రెండు, నాలుగు, ఎనిమిది. కడుపు పొంగేది, దిగేది. బావ కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కునేవాడు, వంగి వింటే ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఏ పిల్లల్ని నడిపిస్తున్నాడో. గంటకి ఎన్ని సీసాలు పోతున్నాయో నేను చూస్తూనే ఉన్నాను, చూడనట్టు మోస్తున్నాను. దీపాలు పెట్టేవేళకి నాడి యాభై దాటింది. ఆవిడ అప్పటికీ ఆపనివ్వలేదు. తెల్లారేసరికి అరవై ఎనిమిది. ఆవిడ స్టూలు మీద కూర్చుని, గోడకి ఆనుకుని, కూర్చున్నచోటే నిద్రపోయారు. ముందు రోజు పొద్దున నుంచి ఖర్చయినవి నలభై సీసాలు. కొట్టు గదిలో పధ్నాలుగు మిగిలాయి.

నేను అత్తయ్యగారి దగ్గరికి వెళ్ళాను. వెళ్ళింది దెబ్బలాడటానికే. విషమని చెప్తే వినిపించలేదాండీ, మీ కొడుకుని మీరే... అని ఇంకా ఏదో అనబోయాను. ఆవిడ ఏడవలేదు. అర్థం కానట్టు నా మొహంలోకి చూశారు.

"నువ్వే కదయ్యా నవ్వుతా చెప్పేవు. అంత విషమే అయితే నువ్వలా నవ్వుతా చెప్తావా?"

నేను అరుగు మీద నుంచి లేచి, తొట్టిలో నీళ్ళు కాగాయేమో చూడటానికి వెళ్ళాను. కాగడానికి పొయ్యి వెలిగించనేలేదు.

మిగిలిన పధ్నాలుగూ ఆ రోజే పోశాం. మర్నాటికి పొయ్యడానికేమీ లేదు. పిల్లల వార్డు సీసాల్లోంచి పది ఇమ్మని అక్క అడగలేదు. అడగకుండా ఆ గుమ్మంలో నిలబడి చూసి తిరిగొచ్చింది. కడుపులో గొట్టం అలాగే ఉంచి, గుడ్డ కట్టేశారు. మంచం కింద సీసా ఖాళీ. మెట్లు ఏడు మునిగాయి. జనం రావడం తగ్గించారు. వచ్చినవాళ్ళు కూడా మాస్టారు పాసయ్యేరా అని అడగడం మానేసి, కాసేపు నిలబడి వెళ్ళిపోయేవారు. మళ్ళీ రెండు ఎక్కిళ్ళు వచ్చాయి. అందరం మూడోదాని కోసం చూశాం. మూడోది రావడానికి గంట పట్టింది, వచ్చింది.

ఆ తరవాతి రోజు ఉదయం, నీరు ఒక మెట్టు తీసింది. ఆ మెట్టుకి ఆనించి ఓ చిన్న పడవ ఆగింది. పడవ నడిపే మనిషీ, ఇంకొకాయనా కలిసి ఒక ఆడమనిషిని నులకమంచంతో సహా పైకి మోసుకొచ్చారు. ఆయన భర్త. లంకలో ఇంటి కప్పు మీద ఉన్నారుట. కప్పు మీదే కరిచింది. ఆరు రోజులైంది. ఇంతవరకూ ఒక్క పడవా అటు రాలేదు. ఆవిడ మొహం చూడగానే నాకు తెలిసిపోయింది. కళ్ళు ఉబ్బులోకి పోయి ఉన్నాయి. ఎక్కిళ్ళు, ఆగకుండా.

డాక్టరమ్మగారు పరీక్ష చేసి, లేచి, తిన్నగా కొట్టు గదిలోకి వచ్చారు. నేను అక్కడ ఖాళీ సీసాలు కడిగి గోడ వార పేరుస్తున్నాను. తొంభై. ఆవిడ గుమ్మంలో నిలబడి ఆ వరసలన్నీ ఒకసారి చూశారు. నన్ను చూడలేదు. చూడకుండానే, పిల్లల వార్డులో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి రమ్మన్నారు. పదకొండు. పిల్లలు పద్ధెనిమిది మంది అలాగే ఉన్నారు. ఆవిడ ఆ అంకె విని, భర్తని పిలిచి చెప్పారు. నీరు తీస్తోంది కనుక నరసాపురం దాటే ప్రయత్నం చెయ్యాలి, అక్కడ నుంచి పెద్దాసుపత్రికి, ఆలస్యం చెయ్యకుండా. కాగితం రాసిచ్చారు. పడవ మనిషి నది వైపు చూసి, దాటొచ్చండి అన్నాడు. ఆ అనడంలో ఆయ్ ఎంతుందో నాకు వినబడింది.

డాక్టరమ్మగారు రోగి దగ్గరికి వెళ్ళాక భర్త కొట్టు గది గుమ్మంలోనే నిలబడ్డాడు. నాకంటే పదేళ్ళు పెద్ద ఉంటాడు. తడి పంచె, చేతిలో మడిచిన కాగితం. గోడ వార సీసాలు చూస్తున్నాడు.

"ఒక మనిషికి ఇన్ని పడతాయాండీ?"

"అన్ని పట్టవండి" అన్నాను.

తరవాతి మాట నోటిదాకా వచ్చింది. అందులో నలభై సీసాలు ఒకే రోజులో పోయాయనీ, అవి ఎందుకు పోయాయో, ఎవరివల్ల పోయాయో. చిన్న మాటే. సరిగ్గా అప్పుడు వార్డులోంచి మా అక్క గొంతు వినబడింది, నన్ను పిలుస్తోంది, ఒరే తమ్ముడూ, వచ్చిందిరా, వచ్చింది. వెనకనే నర్సమ్మ గొంతు, ఆ వెనక అత్తయ్యగారి ఏడుపు. మంచం కింద సీసాలో, తరవాత కొలిచి చూస్తే, ఒక కాఫీ గ్లాసుకి తక్కువ. నల్లటి టీ డికాక్షన్ లాగా ఉంది.

"మీ వోరికి తగ్గిందాండీ?" అన్నాడాయన.

"తగ్గినట్టేనండి."

"అదే చాలండి. ముందొచ్చినోళ్ళకి ముందే కదండీ మరి."

దెప్పడానికి అన్నది కాదు. నన్ను ఊరడించడానికి అన్నాడు. నులకమంచం కాళ్ళవైపు నేను పట్టుకుని మూడు మెట్లు దించాను. ఎక్కిళ్ళు మంచం పట్టెల్లోంచి నా చేతులకి తెలుస్తూనే ఉన్నాయి. పడవలో మంచం సర్దాక ఆయన నాకు నమస్కారం పెట్టాడు. పడవ గట్టు మలుపు దాటేదాకా నేను నిలబడే ఉన్నాను. వార్డులో అందరూ నన్ను పిలుస్తున్నారు.

ఇది జరిగి మూడేళ్ళయింది. బావకి ఆ తరవాత రోజూ కొంచెం కొంచెం పెరిగి, నెలకి మామూలు మనిషయ్యాడు. నాకు నరసాపురంలో చిన్న ఉద్యోగం దొరికింది, వారం వారం సఖినేటిపల్లి రేవు దాటి ఇంటికొస్తాను. ఆ పడవ మనిషి ఇప్పుడు పంటు మీద పని చేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు, మాస్టారు బాగున్నారాండీ అని అడుగుతాడు. బాగున్నారండి అంటాను. ఆ రోజు అవతలికి దాటేరా అని నేను అడిగితే అతను చెప్తాడు, దాచే మనిషి కాడు. టికెట్టు తీసుకుని, పంటులో అతనున్న వైపు కాకుండా రెండో చివరకి వెళ్ళి నిలబడతాను.